పాత జీపు కడుపు కింద

మన చిత్తూరు సీమలో ఏదో ఒకనాడు జీపెక్కని మనిషి అరుదు. పెళ్ళికూతురు ఎక్కుతుంది, టమోటా గంప ఎక్కుతుంది, ఓట్లడిగే నాయకుడు ఎక్కుతాడు, తలకోనకు పిక్నిక్కు పోయే కాలేజీ కుర్రకారు బండికి పన్నెండుమంది చొప్పున ఎక్కుతారు. ఇంత సేవ చేసే బండి కడుపు కింద ఏముందో వంగి చూసినవాళ్ళు మాత్రం బహు తక్కువ. అందులోనూ సెకండ్ హ్యాండ్ బేరాల్లో ‘ఫోర్ వీల్’ అన్న రెండు మాటల మహిమ అంతా ఇంతా కాదు. ఆ మాట నోట పడేసరికి ధర పైకెక్కుతుంది. కొనేవాడి కళ్ళముందు కొండలూ వాగులూ మెదులుతాయి. ఆ రెండు మాటల వెనక నిజంగా ఏముంది, ఏం లేదు, పాత బండి కొనేటప్పుడు ఆ సంగతి ఎలా కనిపెట్టాలి అన్నదే ఈ వ్యాసం. ఇంజనీరింగ్ మిత్రులకు ఇందులోని సిద్ధాంతం పాతదే. అయితే వారిలో ఎంతమంది సుద్దముక్క చేతబట్టుకుని జీపు కింద పడుకున్నారో తెలియదు కనుక, వారు కూడా ఓపికతో చదవాలని మనవి.

జీపు యుద్ధం పుణ్యమా అని మనకు దక్కిన వస్తువు. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఆరు లక్షలకు పైగా తయారుచేసిన బండి అది. యుద్ధం ముగిశాక, 1940ల చివర్లో, మహీంద్రా వారు విల్లీస్ జీపు విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఇక్కడే తయారుచేశారు. సీజే 3బీ, ఎంఎం 540, కమాండర్ మొదలైన పేర్లు మన ఘాట్ రోడ్లకు కొత్తవి కావు. సైన్యం పక్కన పెట్టిన జోంగాలు కూడా వేలంలో కొందరి చేతికి వచ్చాయి. చిక్కేమిటంటే మన రోడ్ల మీది పాత జీపుల్లో వెనక చక్రాలు మాత్రమే లాగేవి వున్నాయి, నాలుగూ లాగేవి వున్నాయి. పైనుంచి చూస్తే రెండూ కవలపిల్లలే. పైగా మొదట ఫోర్ వీల్‌గా పుట్టిన బండికి డీజిల్ కలిసొస్తుందని ముందు షాఫ్టు విప్పేసినవాళ్ళున్నారు. చెడిపోయిన ముందు ఇరుసు తీసేసి దొరికినదేదో తగిలించినవాళ్ళూ వున్నారు. బండి వెనక అతికించిన స్టిక్కరు మాత్రం అలాగే వుంటుంది.

ఈ గొడవంతా నా నెత్తికి రావడానికి కారణం మా మేనమామ. ఆయనకు భాకరాపేట నుంచి తలకోన పోయే దోవలో, తార్రోడ్డు దిగి మూడు కిలోమీటర్లు లోపలికి పోతే, కొండ కింద మామిడితోపు వుంది. ఇల్లు కూడా అక్కడే. ఆ మూడు కిలోమీటర్లలో ఒక చెరువుకట్ట, ఒక వంక, మిగిలినదంతా ఎర్రమట్టి బండిదోవ. ఎండాకాలంలో ఆ దోవన సైకిలు కూడా పోతుంది. మనకు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ఆ మూడు నెలలూ అది అడుసుగుంటే. 2015 నవంబరు వానల్లో వంక పొంగి తోపులోని ఇల్లు నాలుగు రోజులు ఊరితో తెగిపోయింది. పాలక్యాన్లు డెయిరీకి పోలేదు. పాలు పోతే పోయాయి, అంతకన్నా పెద్ద దిగులు మా అవ్వది. ఆవిడకు ఉబ్బసం. పీల్చే మందు రెండోనాటికే అయిపోయింది. ఆ రాత్రుళ్ళు ఆవిడ పడుకోలేక గోడకు ఆనుకుని కూచుంటే, మామ ఎదురుగా కూచుని తెల్లవార్లూ ఆవిడ ఊపిరి లెక్కపెట్టాడట.

తర్వాత మూడేండ్లు బెంగళూరా కాయలమ్మిన డబ్బులో మిగిల్చి, 2018లో “ఫోర్ వీల్ జీపు కొందాం” అన్నాడు మామ. వడ్డీకి తేకుండా కొనాలని పట్టుదల. యూనివర్సిటీలో ఫిజిక్స్ చదివినందుకు నాకు కబురొచ్చింది. “నువ్వు చదివింది దేనికన్నా పనికొస్తాదేమో చూస్తాం, రా అల్లుడా!” ఆహ్వానం ఇంత గౌరవంగా వుంది.

బండి చూడబోయే ముందు మామకు డిఫరెన్షియల్ అంటే ఏమిటో చెప్పక తప్పలేదు. తోపు గట్టున కూచుని ఎద్దులబండితో మొదలుపెట్టాను. ఎద్దులబండిలో ఇరుసు తిరగదు. ఇరుసు మీద చక్రాలు తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం వేగంగా, లోపలి చక్రం నిదానంగా, దేనికి కావలసినట్టు అది తిరుగుతుంది. లాగేవి ఎద్దులు కనుక చక్రాలు వుత్తినే వెంట వస్తాయి. మోటారుబండిలో అలా కుదరదు. చక్రమే నేలను తన్ని బండిని నడపాలి, చక్రాన్ని ఇరుసు తిప్పాలి. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగిస్తే రెండూ ఎప్పుడూ సమానంగా తిరుగుతాయి. తిన్నని రోడ్డు మీద ఫరవాలేదు. మలుపు వచ్చిందా, పేచీ వచ్చిందన్నమాటే.

ఎంత పేచీ? తిరుమల పాత ఘాట్ రోడ్డు తలుచుకోండి. 1944లో తెరిచిన దారి. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చాక దీన్ని దిగడానికి వాడుతున్నారు. అక్కడి హెయిర్‌పిన్ మలుపులో బండి వచ్చిన దిక్కుకే తిరిగిపోతుంది, అంటే 180 డిగ్రీలు. జీపు ఎడమ కుడి చక్రాల మధ్య దూరం సుమారు 1.2 మీటర్లు. అర్ధవృత్తం కనుక 1.2ను 3.14తో గుణిస్తే, బయటి చక్రం లోపలి చక్రం కన్నా దాదాపు 3.8 మీటర్లు ఎక్కువ నడవాలని తేలుతుంది. తమాషా ఏమిటంటే మలుపు విశాలమైనా ఇరుకైనా ఈ తేడా మారదు. రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగిసి వుంటే ఆ 3.8 మీటర్లూ ఏదో ఒక టైరు నేలను గీక్కుంటూ పోవలసిందే; టైరు గీక్కోనంటే ఇరుసు మెలితిరగవలసిందే.

ఈ పేచీకి పరిష్కారంగా 1827-28 ప్రాంతంలో ఫ్రాన్సులో ఒనేసిఫోర్ పెకర్ అనే గడియారాల పనివాడు ఒక ఆవిరిబండి కోసం పేటెంటు తీసుకున్నాడు. నేటికీ మన జీపు ఇరుసు మధ్య గుమ్మడికాయలా వుబ్బి కనిపించే గూట్లో వున్నది అదే ఏర్పాటు. ప్రొపెల్లర్ షాఫ్టు కొసనున్న చిన్న పినియన్, క్రౌన్ అనే పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. క్రౌన్ నేరుగా ఇరుసును పట్టుకోదు. దానితోపాటు తిరిగే గూట్లో చిన్న పళ్ళచక్రాలుంటాయి. అవి ఇటు ఎడమ ఇరుసు ముక్కకూ అటు కుడి ఇరుసు ముక్కకూ నడుమ ఇమిడి వుంటాయి. బండి తిన్నగా పోయేటప్పుడు ఆ చిన్నవి తమచుట్టూ తాము తిరగవు. మలుపులో మెల్లగా తిరిగి, లోపలి చక్రానికి తగ్గిన చుట్లను బయటి చక్రానికి చేరుస్తాయి. రెండు చక్రాల చుట్లు కలిపి సగం చేస్తే వచ్చేది ఎప్పుడూ క్రౌన్ చుట్ల లెక్కే. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

చుట్ల పంపకంలో ఇంత ఉదారంగా వుండే ఈ యంత్రం బలం పంపకంలో మాత్రం పరమ సమానత్వవాది. రెండు చక్రాలకూ ఒకే బలం ఇస్తుంది. ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ ఇవ్వడం దానికి చేతకాదు. మామకు ఇక్కడ కాడి ఉదాహరణ చెప్పాను. కాడిని నడుమ ఒక్కచోట బండి నొగకు కడతారు. ఒక ఎద్దు కాళ్ళు జారి లాగడం మానేస్తే, రెండో ఎద్దు ఎంత బలమైనదైనా ఏం లాభం? కాడి దాని వైపు ముందుకు తిరిగిపోతుందే గాని బండి కదలదు. మంచి ఎద్దు ఎంత లాగగలదు అన్నది చెడ్డ ఎద్దు ఎంత ఆనుకుంటుంది అన్నదాని మీద ఆధారపడి వుంటుంది.

“అయితే డిఫరెన్షియల్ అంటే చక్రాలకు కట్టిన కాడి” అన్నాడు మామ. నేను తెచ్చుకున్న పుస్తకం మూసేశాను.

అంకెల్లో చూద్దాం. మనుషులు, కాయల గంపలతో జీపు బరువు 1600 కిలోలు, ఒక్కో చక్రం మీద 400 కిలోలు అనుకోండి. గట్టినేల మీద టైరు తనమీది బరువులో ఆరు పదోవంతుల దాకా పట్టు చూపగలదనీ, అడుసులో ఒక పదోవంతే చూపగలదనీ లెక్క వేసుకుందాం. వెనక ఎడమ చక్రం అడుసులో, కుడి చక్రం గట్టున వున్నాయి. గట్టునున్న చక్రం 240 కిలోల దాకా తన్నగలదు. అడుసులోది 40 కిలోలకే జారి గిరగిరా తిరుగుతుంది. కాడి సూత్రం ప్రకారం గట్టునున్నదానికీ అంతే, 40 దక్కుతుంది. మొత్తం 80. పదికి ఒకటి వాలున్న గట్టు ఎక్కాలంటే 160 కిలోల తోపు కావాలి. ఇంజను ఎంత అరిచినా బండి అక్కడే వుంటుంది. ఇది ఇంజను బలానికి సంబంధించిన లోటు కాదు కనుక యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ గుంత లోతవుతుంది తప్ప వేరే ప్రయోజనం లేదు.

ఇది విని మామ ట్రాక్టరు దగ్గరికి పోయి, కుడి మడమ కింద వుండే పెడలు చూపించాడు. “ఇది తొక్కితే రెండు చక్రాలూ జతగా తిరుగుతాయి. దమ్ము చేసేటప్పుడు దిగబడితే తొక్కుతాం. ఇదేనా నువ్వు చెప్పేది?” సరిగ్గా అదే. దాని పేరు డిఫరెన్షియల్ లాక్. ఆ పెడలు తొక్కగానే కాడి కొయ్యబారిపోతుంది. పట్టున్న చక్రానికి కావలసినంత బలం అందుతుంది. గట్టినేల మీద మలుపులో దాన్ని తొక్కకూడదని ట్రాక్టరు తోలే ప్రతి రైతుకూ తెలుసు. మోటారు కంపెనీలు చాలాకాలం ఈ పనికి రకరకాల దారులు వెతికాయి. అమెరికాలో ప్యాకర్డ్ కంపెనీ 1956లో జారుడును కొంతవరకు తనంత తానే అదుపుచేసే డిఫరెన్షియల్‌ను కార్లలో పెట్టింది. మన థార్‌లోనూ 2015లో వెనక ఇరుసుకు తనంత తానే లాకయ్యే డిఫరెన్షియల్ వచ్చింది. పాత జీపుల్లో కంపెనీ పెట్టినవి మాత్రం మామూలు డిఫరెన్షియళ్ళే, ముందొకటి, వెనకొకటి.

మరి ‘ఫోర్ వీల్’ వల్ల కలిగే మేలేమిటి? గేర్‌బాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేసు అనే ఇంకో పెట్టె వుంటుంది. దాని నుంచి ఒక షాఫ్టు వెనక్కీ, ఒకటి ముందుకీ పోతాయి. ముందు ఇరుసును కలపగానే రెండు షాఫ్టులూ ఒకదానికొకటి బిగిసిపోతాయి. వాటి మధ్య కాడి వుండదు. మన పాత లెక్కలో ముందు చక్రాలు రెండూ గట్టునేల మీద వుంటే అవి 480 కిలోల దాకా తోడివ్వగలవు. వెనకది 80 కలిపితే 560. బండి హాయిగా ఎక్కుతుంది. అదే ముందు కూడా ఒక చక్రం అడుసులో పడిందనుకోండి: ముందు 80, వెనక 80, మొత్తం 160. బొటాబొటి, అడుసు వెనక్కి పట్టే పట్టుకు అదీ చాలదు. నాలుగు చక్రాల బండి, నాలుగూ లాగుతాయని బేరగాడు చెప్పిన బండి, మూలకొకటి చొప్పున రెండు చక్రాలు తిప్పుకుంటూ నిలబడిపోతుంది. ఫోర్ వీల్ అంటే రెండు కాళ్ళు, ఇంకో రెండు కాళ్ళు. ప్రతి జతలోనూ బలహీనమైన కాలుదే పెత్తనం.

తార్రోడ్డు మీద ముందు ఇరుసు ఎందుకు కలపకూడదో కూడా ఇందులోనే వుంది. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం నడుస్తాయి. నడుమ మూడో డిఫరెన్షియల్ లేదు కనుక ఆ తేడా షాఫ్టుల్లో మెలికగా చేరుతుంది. అడుసులోనో ఇసుకలోనో అయితే టైర్లు కాస్త జారి మెలిక విప్పుకుంటాయి. తార్రోడ్డు మీద జారలేవు. చివరికి లివరు బిగుసుకుని రాదు. అలాంటప్పుడు కొన్ని అడుగులు రివర్సు పోతే మెలిక వదులుతుంది. ఇంకో మాట. పాత విల్లీస్ తరహా జీపుల్లో గేరు పక్కన రెండు చిన్న లివర్లుంటాయి. ఒకటి ముందు ఇరుసుకు, రెండోది హై, లో మార్చడానికి. లోలో చక్రాలకందే బలం దాదాపు రెండున్నర రెట్లవుతుంది. అది ఇంజనుకు సాయమే గాని నేలకు పట్టు పెంచదు. తడిరోడ్డు మీద బ్రేకు విషయంలోనూ ఫోర్ వీల్ వల్ల ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే ప్రతి బండికీ బ్రేకులు నాలుగు చక్రాలకే.

ఇంత తత్త్వం తలకెక్కించుకుని మామ, నేను, మాకు తెలిసిన ముసలి మేస్త్రి బయల్దేరాం. రెండు బండ్లు చూశాం. మొదటిది తిరుపతి పొలిమేరలో, పెళ్ళికొడుకులా తయారై వుంది. మెరిసే నల్లరంగు, వెడల్పాటి కొత్త టైర్లు, ముందు నాలుగు లైట్లు. ధర రెండు లక్షల పాతిక వేలు. “పక్కా ఫోర్ వీల్ సార్, కొండెక్కమన్నా ఎక్కుతాది” అన్నాడు బేరగాడు. రెండోది పీలేరు దగ్గర ఒక రైతు కొట్టంలో వుంది. రంగు ఏదో చెప్పడం కష్టం. సీటులో పీచు బయటికి వచ్చింది. ధర లక్షా అరవై వేలు. మామ మనసు మొదటిదాని మీదే వుందని ఆయన దాని బానెట్టు నిమిరిన తీరే చెప్పింది.

మేస్త్రి చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టించాడు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరరాదని, దిమ్మలు పెట్టాలని ఆయన మొదటి సూత్రం. జీపు హ్యాండ్‌బ్రేకు చక్రాలను పట్టుకోదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టునే పట్టుకుంటుంది. అందుచేత షాఫ్టు తిప్పాలంటే దాన్ని వదిలెయ్యాలి, బండి ఆపడం రాళ్ళ పని. ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్‌లో పెట్టి, వెనక ఒక్క చక్రాన్నే లేపి, టైరు మీద ఒక గీత, షాఫ్టు మీద ఒక గీత సుద్దతో గీశాం. ఇందాక గుర్తుంచుకోమన్న ముక్క ఇక్కడ పనికొస్తుంది. నేల మీదున్న చక్రం సున్నా, లేపిన చక్రం రెండు చుట్లు; కలిపి సగం చేస్తే క్రౌన్ ఒక చుట్టు. అంటే లేపిన చక్రాన్ని ఇరవై చుట్లు తిప్పితే క్రౌన్ పది చుట్లు తిరుగుతుంది. మేస్త్రి చక్రం తిప్పాడు, నేను కింద పడుకుని షాఫ్టు చుట్లు లెక్కపెట్టాను. 53 దాటి ఇంకో ముప్పాతిక. అంటే నిష్పత్తి 5.38. పాత జీపులకు తగిన లెక్కే. మామ తల ఊపాడు.

తర్వాత ముందు చక్రం లేపి, హబ్బు లాక్ చేసి, అలాగే ఇరవై చుట్లు తిప్పాం. 48 ముప్పాతిక. మళ్ళీ లెక్కపెట్టాం. మళ్ళీ అంతే. మూడోసారి మామే కింద పడుకున్నాడు. లేచి వీపుకంటిన దుమ్ము కూడా దులుపుకోకుండా బేరగాణ్ణి అడిగాడు: “ముందు ఇరుసు యాడిదబ్బా?”

బేరగాడు రకరకాల సమాధానాలు చెప్పాడు. సంగతి మాత్రం స్పష్టంగానే వుంది. ముందు ఇరుసు ఇంకో మోడలు బండిది. రెండూ కలిపి నడిపితే వెనక చక్రాలు వంద మీటర్లు నడిచేసరికి ముందువి నూటపది మీటర్లు నడవాలంటాయి. తార్రోడ్డు మీద ముందు ఇరుసు కలపకుండా తిరిగినంతకాలం ఎవరికీ తెలియదు. వానలో, వంకలో, కలపవలసిన రోజున మాత్రం టైర్లు నేలను గీకుతాయి, ట్రాన్స్‌ఫర్ కేసు నలుగుతుంది, ఏదో ఒకటి విరుగుతుంది. ఏ పనికోసం ఆ బండి కొనాలనుకున్నామో ఆ ఒక్క పనికే అది పనికిరాదు. రంగు, లైట్లు, టైర్లు అన్నీ బాగున్నాయి.

పీలేరు బండికి ముందూ వెనకా 53 ముప్పాతికే వచ్చింది. అంతటితో ఆగలేదు. షాఫ్టును చేత్తో అటూ ఇటూ కదిపి పళ్ళ మధ్య వదులు ఎంతుందో చూశాడు మేస్త్రి. వయసుకు తగినంత వుంది. వెనక రెండు చక్రాలూ లేపి, గేర్లో పెట్టి, ఒకదాన్ని ముందుకు తిప్పితే రెండోది వెనక్కి తిరిగింది. అలా తిరిగితే మామూలు డిఫరెన్షియల్, ఆరోగ్యంగా వున్నట్టు. బొత్తిగా తిరగకపోతే లోపల ఎవరో వెల్డింగ్ పెట్టి బిగించారనుకోవచ్చు. అలాంటి బండి ఘాట్ రోడ్డుకు తగదు. అడుగు బిరడా విప్పి హౌసింగ్‌లోని నూనె కాస్త వేలికి రాసుకుని ఎండలో చూశాడు. నల్లగా వుంటే వయసు. తెల్లగా వుంటే నీళ్ళు చేరినట్టు. ఇనుప పొలుకులు మెరిస్తే పళ్ళు అరిగి రాలుతున్నట్టు. ఇది నల్లగా వుంది. పక్కన దున్నిన చేలో ముందు ఇరుసు కలిపి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి నడిపితే జాయింట్ల దగ్గర టకటక శబ్దం లేదు. లోలో పెట్టి ఎక్కుడులో వదిలితే లివరు ఎగిరిపడలేదు. ముందు చక్రాల గుండ్ల దగ్గర మాత్రం నూనె కారుతోంది, సీళ్ళు మార్చాలి. మామ లక్షా నలభై వేలకు బేరం తెంపాడు. ఆర్‌సీ మీది ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీది వాటితో సరిచూసుకుని, 29, 30 ఫారాల మీద సంతకాలు చేయించుకున్నాకే డబ్బు చేతికిచ్చాడు.

మిగిలిన డబ్బుతో చేసిన మొదటి పని నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదలవి వేయించడం. ఇది షోకు కోసం కాదు. 72 సెంటీమీటర్ల టైరుకూ, రెండు సెంటీమీటర్లు అరిగిన టైరుకూ కిలోమీటరుకు దాదాపు 28 మీటర్ల తేడా వస్తుంది. ముందు ఇరుసు కలిపితే ఆ తేడా కూడా మెలికే అవుతుంది. రెండో పని, చక్రం ఒకటి వుత్తినే తిరుగుతున్నప్పుడు ఏం చెయ్యాలో నేర్చుకోవడం. యాక్సిలరేటర్ సన్నగా పట్టి, ఎడమకాలితో బ్రేకు కొంచెంగా నొక్కాలి. తిరిగే చక్రానికి కాస్త అడ్డు పడేసరికి డిఫరెన్షియల్ ఆ అడ్డుకు సమానమైన బలం రెండోదానికి ఇవ్వక తప్పదు. నీరసించిన ఎద్దు వైపు కాడిని చేత్తో పట్టుకున్నట్టు. కొత్త బండ్లలో ఇదే పని కంప్యూటరు చేస్తుంది. పాత జీపులో మన కాలే కంప్యూటరు.

ఆ కొట్టం దగ్గరే మామ నన్నొక ప్రశ్న అడిగాడు. “వంకలో నీళ్ళు ఎంతదాకా వుంటే పోవచ్చు?” లెక్క వేసి చెప్పాను. పట్టు అంటే చక్రం మీది బరువు, నేల ఘర్షణ, ఈ రెండింటి గుణకారం. జీపు అడుగుభాగం సుమారు 3 మీటర్ల పొడవు, 1.4 మీటర్ల వెడల్పు. అడుగు దాటి నీళ్ళు 20 సెంటీమీటర్లు లేస్తే, లోపలికి నీరు చేరేదాకా, 800 కిలోలకు పైగా బరువు నీళ్ళే మోస్తాయి. 1600 కిలోల బండి సగానికి తేలిపోయినట్టే. పట్టు సగమవుతుంది, అదే సమయంలో ప్రవాహం పక్కనుంచి నెడుతుంది. డిఫరెన్షియల్ ఎంత మంచిదైనా, ముందు ఇరుసు ఎంత సరైనదైనా, బరువు లేని చక్రం చేసేదేమీ లేదు. మామ ఏమీ అనలేదు. తోపుకు వచ్చాక ఒక వెదురుబొంగు తీసుకుని, బండి ఇరుసు ఎత్తున ఒక గాటు, అడుగు రేకు ఎత్తున ఇంకో గాటు పెట్టి, వంక పక్కన వేపచెట్టుకు ఆనించి పెట్టాడు.

2021 నవంబరు వానలు ఈ పత్రిక చదివేవారికి గుర్తుండే వుంటాయి. స్వర్ణముఖి పొంగింది, తిరుపతి వీధుల్లో నీళ్ళు పారాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళు ఖాళీ చేయించారు. ఆ వారం నేను తోపులోనే వున్నాను. 19వ తేదీ ఉదయం అవ్వకు ఊపిరి అందడం కష్టమైంది. ఇంట్లో వున్న మందు పీల్చినా సర్దుకోలేదు. ఆవిణ్ణి దుప్పట్లో చుట్టి జీపులో కూచోబెట్టి వంక దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు ఎర్రగా, నురగలు కక్కుతూ పోతున్నాయి. మామ బొంగు దించి చూశాడు. నీళ్ళు రెండో గాటుకు పైన జానెడున్నాయి.

గట్టున పక్క తోపుల వాళ్ళు చేరారు. “ఫోర్ వీల్ గదన్నా, పోనీ! ముసలామెను పెట్టుకుని ఆలోచిస్తావేంది?” అన్నారు.

“ఫోర్ వీలే గాని, పడవ గాదు నాయనా” అన్నాడు మామ. ఇంజను ఆపేశాడు.

అవ్వ వెనకసీట్లో నిటారుగా కూచుని కొసరి కొసరి ఊపిరి పీలుస్తోంది. నేను వీపు నిమురుతున్నాను. మామ అరగంటకోసారి దిగి బొంగు దించి చూసి, ఎవరితోనూ మాట్లాడకుండా మళ్ళీ వచ్చి కూచున్నాడు. పదకొండు గంటలకు వాన తెరపిచ్చింది. ఒంటిగంటకు నీళ్ళు రెండో గాటుకు వచ్చాయి. మూడు దాటాక మొదటి గాటు కనిపించింది. అప్పుడు ముందు ఇరుసు కలిపి, లోలో, మొదటి గేరులో, గేరు మార్చకుండా దింపాడు. నడివంకలో ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం ఒకేసారి పట్టు తప్పి వుత్తినే తిరిగాయి. మామ ఎడమకాలు బ్రేకు మీద మెల్లగా ఆనడం చూశాను. రెండు మూడు క్షణాలు బండి వణికింది, తర్వాత మిగతా రెండు చక్రాలూ అందుకున్నాయి. నాలుగున్నరకు పీలేరులో ఆస్పత్రి చేరాం. అవ్వకు ఆక్సిజన్ పెట్టారు. ఎనిమిది గంటలకు, వంక దగ్గర అన్నిసార్లు దిగి నీళ్ళలో నిలబడినందుకు జలుబు చేస్తుందని మామను కోప్పడింది.

మర్నాడు మేస్త్రి వచ్చి హౌసింగ్‌ల బిరడాలు విప్పాడు. వెనకది నల్లగానే వచ్చింది. ముందుది మజ్జిగలా తెల్లగా కారింది, నీళ్ళు దూరాయి. దాన్నంతా వంపేసి, కడిగి, కొత్తగా 90 నంబరు గేరాయిలు పోసేసరికి మధ్యాహ్నమైంది. పాలక్యాన్లు ఆ పూటకు ట్రాక్టరు మీద పోయాయి.